యుద్ధం ముగిసిన రాత్రి బాణసంచా: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో ఒక దేశంలో యుద్ధం ఆగిందనీ, ఆ ఊరి ఆకాశమంతా వెలిగిపోయిందనీ టీవీలో చూపించిన ప్రతిసారీ ఈ ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు ముందు అడుగుతారు, వాళ్లను దించడానికి వచ్చిన పెద్దలు తర్వాత అడుగుతారు. నోటితో చెప్పిన జవాబులనే కాస్త వివరంగా ఇక్కడ రాసి పెడుతున్నాను. చెన్నైలో ఉండే మనకు ఈ సంగతి పరాయిది కాదు. ఎందుకో రెండో జవాబులో ఉంది.

యుద్ధమంటేనే పేలుళ్లు కదా. అది ముగిశాక మళ్లీ పేలుళ్లతో పండగ చేసుకోవడం ఏమిటి?

తరగతిలో ఎక్కువసార్లు వినపడే ప్రశ్న ఇదే. మొదటి కారణం మామూలుది. రేడియో లేని రోజుల్లో ఊరందరికీ ఒకేసారి కబురు అందాలంటే కోటమీద ఫిరంగులు పేల్చడం, గుట్టలమీద మంటలు వేయడం సులువైన దారి. ఫిరంగిలో వాడే సురేకారం, గంధకం, బొగ్గే తారాజువ్వలోనూ వాడతారు. ఆ మందు కూరడం తెలిసినవాళ్లు సైన్యంలోనే ఉండేవారు. అందుకే ఐరోపా రాజ్యాల్లో విజయోత్సవ బాణసంచా పని చాలాచోట్ల ఆయుధ శాఖ చేతిలోనే ఉండేది.

రెండో కారణం మనుషులకు సంబంధించింది. నెలల తరబడి ఆకాశంలో చప్పుడైతే నేలమాళిగలోకి పరిగెత్తినవాళ్లు, అదే ఆకాశం కింద పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని నిలబడగలిగితే అదే వాళ్లకు పెద్ద ఊరట. ఆ రాత్రి వాళ్లు పడే సంతోషాన్ని తప్పుపట్టే అర్హత, దూరాన కూర్చున్న మనకు లేదు. నా అభ్యంతరమల్లా సంబరం ఎప్పుడు, ఎవరి ముందు, ఎవరి లెక్క తేలకుండా చేస్తున్నారన్న దగ్గరే.

చెన్నైకి, ఈ బాణసంచాకి ఏమిటి సంబంధం?

ప్రపంచంలో చాలామందికి తెలిసిన యుద్ధాంత బాణసంచా ప్రదర్శన 1749 ఏప్రిల్ 27న లండన్‌లోని గ్రీన్ పార్కులో జరిగింది. అది ఏ సంధి కోసమో ఆ సంధిలో మన ఊరు ఒక బేరం సరుకు.

1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళంతో లా బూర్దొనే వచ్చి మద్రాసును పట్టుకున్నాడు. సెయింట్ జార్జి కోట మీద ఇంగ్లీషు జెండా దిగి ఫ్రెంచి జెండా ఎక్కింది. అప్పట్లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా ఉన్న రాబర్ట్ క్లైవ్ తప్పించుకుని కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు చేరాడు. ఆ అక్టోబరులోనే ఆర్కాటు నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ సైన్యం అడయారు నది ఒడ్డున ఫ్రెంచివాళ్ల చేతిలో ఓడిపోయింది. సంఖ్యలో నవాబు సైన్యమే ఎన్నో రెట్లు పెద్దది.

కోట గోడను ఆనుకుని ఉత్తరాన బ్లాక్ టౌన్ ఉండేది. తెలుగు కోమట్లు, బేరి శెట్టి వర్తకులు, నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు కాపురముండే పేట అది. కోటకు మరీ దగ్గరగా ఇళ్లుంటే ఫిరంగులకు అడ్డమని ఫ్రెంచివాళ్లు వాటిలో చాలావాటిని పడగొట్టారు. మిగిలినవాటిని ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంగ్లీషువాళ్లే నేలమట్టం చేశారు. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ జాగాలోనే. అక్కడి చెన్నకేశవుడి గుడి కూడా పోయింది. తర్వాత పూల బజారు పక్కన దేవరాజ ముదలి వీధిలో మళ్లీ కట్టుకున్నారు. ఆ వీధిలోకి వెళితే చెన్నకేశవుడు, చెన్నమల్లేశ్వరుడు ఇప్పటికీ పక్కపక్కనే కొలువై ఉంటారు.

1748 అక్టోబరులో ఇప్పటి జర్మనీలోని ఎక్స్-లా-షపెల్‌లో సంధి కుదిరింది. ఇంగ్లీషువాళ్లు ఉత్తర అమెరికాలో పట్టుకున్న లూయీబూర్ కోటను ఫ్రెంచివాళ్లకు తిరిగిచ్చేయాలి, బదులుగా మద్రాసు ఇంగ్లీషువాళ్లకు తిరిగి రావాలి. మంచు సముద్రం ఒడ్డున ఒక కోట, బంగాళాఖాతం ఒడ్డున మన ఊరు, చెల్లుకు చెల్లు. ఇళ్లు కోల్పోయిన బ్లాక్ టౌన్ జనాన్ని అడిగినవాళ్లెవరూ లేరు.

లండన్‌లో బాణసంచా కాలుతున్న ఆ ఏప్రిల్ రాత్రి సెయింట్ జార్జి కోట మీద ఇంకా ఫ్రెంచి జెండానే ఉంది. కోటను అప్పగించడం ఆ ఏడు ఆగస్టు దాకా పట్టింది. సంధి మాట ఓడలో రావాలి, అధికారులు రావాలి, లెక్కలు చూసుకోవాలి. ఒక ఊళ్లో యుద్ధం ముగిసిన తేదీ, ఇంకో ఊళ్లో ముగిసిన తేదీ ఒకటి కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ లండన్ ప్రదర్శన ఎలా జరిగింది?

సెర్వాండోని అనే రంగాలంకరణ నిపుణుడు చెక్కతో, కాన్వాసుతో 410 అడుగుల పొడవు, 114 అడుగుల ఎత్తు మండపం కట్టాడు. పేరున్న స్వరకర్త హాండెల్ సంగీతం కూర్చాడు. తీగ వాయిద్యాలు వద్దు, బాకాలూ భేరీలూ ఉండాలన్నది రెండో జార్జి రాజు కోరిక. ఆరు రోజుల ముందు వాక్స్‌హాల్ తోటలో సాధన చూడటానికి 12,000 మందికి పైగా టిక్కెట్లు కొనుక్కుని వచ్చారంటారు. బళ్లన్నీ లండన్ వంతెన మీద గంటల తరబడి ఇరుక్కుపోయాయి.

తీరా ఆ రోజు వాన. మందు తడిసి కొన్ని అంటుకోలేదు. అంటుకున్నవాటిలో కొన్ని మండపం మీదే పడి ఒక వైపు భాగమంతా తగలబడింది. కట్టించిన మండపం కళ్లెదుటే కాలిపోతుంటే సెర్వాండోని కోపం ఆపుకోలేక బాణసంచా అధికారి మీదికి కత్తి దూశాడు. మిగిలిందల్లా సంగీతమే. ఇప్పటికీ ప్రపంచమంతా వాయిస్తూనే ఉన్నారు.

సంధి తర్వాత ఇక్కడ ప్రశాంతంగా ఉందా?

లేదు. 1749 ఆగస్టు 3న ఆంబూరు దగ్గర యుద్ధం జరిగి ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ చనిపోయాడు. మద్రాసు అప్పగింత పూర్తి కాకముందే, ఆర్కాటు గద్దె కోసం జరిగిన రెండో కర్ణాటక యుద్ధం మొదలైపోయింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి మళ్లీ మద్రాసును ముట్టడించి రెండు నెలలు కొట్టాడు. బెంగళూరు వైపు రైల్లో వెళుతూ ఆంబూరు స్టేషనులో బిర్యానీ వాసన తగిలినప్పుడు మా పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను.

ముందు ఏది వచ్చింది, యుద్ధపు రాకెట్టా, పండగ తారాజువ్వా?

తారాజువ్వే ముందని కొందరు చరిత్రకారులంటారు. కాకపోతే దాన్ని గట్టి ఆయుధంగా మార్చిన ఘనత మన పక్క రాష్ట్రానిది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల మైసూరు సైన్యం కాగితం, వెదురు గొట్టాల బదులు ఇనుప గొట్టాలు వాడింది. ఇనుము ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది కాబట్టి రాకెట్టు దూరం పోతుంది. 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఈ రాకెట్ల ధాటికి కంపెనీ సైన్యం ఘోరంగా దెబ్బతింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మిగిలిన రాకెట్లను ఇంగ్లాండుకు పట్టుకెళ్లారు. వాటిని చూసే ఇంగ్లీషువాడు విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు. 2018లో శివమొగ్గ జిల్లాలో ఒక పాడుబడ్డ బావి పూడిక తీస్తుంటే వెయ్యికి పైగా పాత ఇనుప రాకెట్లు బయటపడ్డాయి.

దీపావళి కూడా యుద్ధం ముగిసిన పండగేనా?

అవును. నరకాసురుడి మీద యుద్ధం ముగిసిన సంబరమే నరక చతుర్దశి. మన తెలుగిళ్లలో ఆ యుద్ధంలో సత్యభామదే ముఖ్యపాత్ర. పోతన భాగవతం చదివిన ఇంట్లో ఆమె విల్లెత్తి నిలబడ్డ ఘట్టం తెలియని పెద్దవాళ్లుండరు.

చెన్నైలో ఈ పండగ మనకు రెండుసార్లు వస్తుంది. తమిళుల ఇళ్లలో చతుర్దశి తెల్లవారుజామునే నలుగు, తలంటు, కొత్త బట్టలు, ఆ వెంటనే వీధిలో సరం. మనవాళ్లకేమో అమావాస్య రాత్రి ముఖ్యం. పొద్దుగూకాక గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి పిల్లల చేత దివిటీలు కొట్టించి, కాళ్లు కడిగించి, నోట్లో ఇంత మిఠాయి పెట్టి, ఆ తర్వాతే మతాబులు, చిచ్చుబుడ్లు. కొండితోపులో, పెరంబూరులో పెరిగిన తెలుగు పిల్లలు రెండూ చేస్తారు. నాలుగున్నరకే ఎదురింటివాళ్ల మొదటి ఔటు పేలితే, నెత్తిన నువ్వులనూనె కారుతుండగానే గుమ్మంలోకి పరిగెత్తి, అమ్మ కేకతో మళ్లీ లోపలికి. గోగు కాడలు మాత్రం ఇక్కడ దొరకడం కష్టం. చాలామంది చెరకు ముక్కతోనో, చీపురు కట్టతోనో కానిచ్చేస్తున్నారు.

పెద్దవాళ్లు చెప్పే కథలో ఇంకో మాట ఉంది. నరకుడు భూదేవి కొడుకు. సత్యభామ ఆ భూదేవి అంశే. తన కొడుకు చనిపోయిన రోజును లోకమంతా దీపాలు పెట్టుకుని తలుచుకోవాలని కోరింది ఆ తల్లేనని చెబుతారు. గెలిచినవాళ్లు తమంతట తాము ప్రకటించుకున్న పండగ కాదిది, పోయినవాడి తల్లి అనుమతి ఉన్న పండగ. యుద్ధాంత సంబరాల గురించి మన సంప్రదాయం ఇంత లోతుగా ఆలోచించిందని గుర్తొచ్చినప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

యుద్ధం నిజంగా ముగియకముందే సంబరాలు చేసుకున్న సందర్భాలున్నాయా?

ఉన్నాయి. 1814లో నెపోలియన్‌ను ఎల్బా దీవికి పంపేశాక ఆగస్టు 1న లండన్ పార్కుల్లో భారీ ఉత్సవం చేశారు. సెయింట్ జేమ్స్ పార్కు చెరువు మీది వంతెనపై వాస్తుశిల్పి జాన్ నాష్ కట్టిన చైనా గోపురం బాణసంచాకు అంటుకుని నీళ్లలోకి కూలింది, మనుషులు చనిపోయారు. ఏడాది తిరగకుండానే నెపోలియన్ ఎల్బా నుంచి తప్పించుకొచ్చాడు. వాటర్లూ యుద్ధం 1815 జూన్ 18న జరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు మన దేశంలో ఉత్సవాలు చేశారా?

ప్రభుత్వం చేయాలనుకుంది. లండన్‌లో 1919 జులై 19న శాంతి దినోత్సవం జరిగింది, ఇండియాలో డిసెంబరులో జరపాలని నిర్ణయించారు. అప్పటికి ఇక్కడి పరిస్థితి వేరు. పది లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధం కోసం సముద్రాలు దాటారు. వాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రతిఫలంగా వచ్చింది విచారణ లేకుండానే జైల్లో పెట్టే రౌలట్ చట్టం. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు. టర్కీ ఖలీఫాకు ఏం జరుగుతుందోనని ముస్లింలలో ఆందోళన. నవంబరులో ఢిల్లీలో జరిగిన ఖిలాఫత్ సభ శాంతి ఉత్సవాలను బహిష్కరించాలని తీర్మానించింది. గాంధీ ఆ సభలో ఉన్నారు. ఖలీఫా సంగతి తేలకుండా మేం దీపాలు పెట్టం అన్న ఆ మాటను నేను చాలా గౌరవిస్తాను. అది సంతోషానికి వ్యతిరేకం కాదు, లెక్క తేల్చమని అడగడం.

మన ఊళ్లో ఆ యుద్ధానికి గుర్తు నేపియర్ వంతెన దగ్గరి విక్టరీ వార్ మెమోరియల్. తర్వాతి యుద్ధాల్లో పోయినవాళ్లకూ అక్కడే నివాళులర్పిస్తున్నారు. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా డిసెంబరు 16న జరిపే విజయ్ దివస్‌కి సైన్యాధికారులు పుష్పగుచ్ఛాలు పెట్టేది అక్కడే.

రెండో ప్రపంచ యుద్ధం సంగతి?

మాస్కోలో 1945 మే 9 రాత్రి వెయ్యి ఫిరంగులు 30 సార్లు పేల్చి, రంగు రంగుల వెలుగులతో జరిపిన విజయ వందనం ప్రసిద్ధం. అక్కడ ఆ అలవాటు యుద్ధం మధ్యలోనే మొదలైంది. 1943 ఆగస్టు 5న ఒర్యోల్, బెల్గొరోద్ పట్టణాలు తిరిగి చేతికొచ్చినప్పుడు మొదటి వందనం పేల్చారు.

మనవైపు జ్ఞాపకం వేరు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ వెంటనే మద్రాసు సగం ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలిపోయాయి, జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. అంతకు ముందు తరానికి 1914 సెప్టెంబరు 22 రాత్రి గుర్తు. జర్మన్ ఓడ ఎండెన్ రేవుకు వచ్చి వందకు పైగా ఫిరంగి గుండ్లు పేల్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది.

యుద్ధం ముగిస్తే అందరికీ సంతోషమే కదా?

2009 మే నెల చెన్నైలో ఉన్నవాళ్లు ఈ ప్రశ్న అడగరు. శ్రీలంక ప్రభుత్వం తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) యుద్ధం ముగిసిందని ప్రకటించిన రోజున కొలంబో వీధుల్లో జనం జెండాలు పట్టుకుని టపాసులు కాల్చారు. పాలన్నం పంచుకున్నారు. ఏళ్ల తరబడి బస్సుల్లో, బజార్లలో బాంబులకు బంధువులను పోగొట్టుకున్న మనుషులు వాళ్లు, వాళ్ల ఊరట నిజమైనది. అదే రోజుల్లో చెన్నైలో తమిళ కుటుంబాలు ఏడ్చాయి. ముళ్లివాయ్‌క్కాల్ ఇసుకలో చిక్కుకుపోయిన వేలమంది పౌరుల్లో వాళ్ల చుట్టాలున్నారు. అన్నదమ్ముల బతుకు తెలుసుకోవడానికి ఫోన్లు పట్టుకుని కూర్చున్న శరణార్థులు తమిళనాడు శిబిరాల్లో ఉన్నారు. మే 18 ఒకరికి విజయం, ఒకరికి తద్దినం. మధ్యలో ఉన్నది సన్నటి జలసంధి.

జపానులోని నాగఒకా పట్టణం వేరే దారి పట్టింది. 1945 ఆగస్టు 1 రాత్రి పదిన్నరకు అమెరికా విమానాలు ఆ ఊరిని తగలబెట్టాయి. ఇప్పుడు ఏటా ఆగస్టు 1 రాత్రి సరిగ్గా పదిన్నరకు చామంతిపువ్వులా విచ్చుకునే తెల్లటి బాణసంచా మాత్రమే కాలుస్తారు. పోయినవాళ్లకు అది నివాళి. రంగుల పెద్ద ప్రదర్శన ఆ తర్వాతి రెండు రాత్రులది. ముందు పోయినవాళ్లకు, తర్వాత ఉన్నవాళ్లకు. బాణసంచా కాల్చే ప్రతి ప్రభుత్వమూ ఈ వరుస నేర్చుకోవాలని నా గట్టి కోరిక.

యుద్ధం చేసి వచ్చినవాళ్లు ఈ సంబరాలను ఇష్టపడతారా?

కొందరు ఇష్టపడతారు, చాలామంది పడరు. 1919 శాంతి దినోత్సవం రోజున ఇంగ్లాండులోని లూటన్ పట్టణంలో మాజీ సైనికులు తిరగబడ్డారు. ఉద్యోగాలు లేవు, పింఛన్లు చాలవు, నగరపాలక పెద్దలకు మాత్రం విందులు. ఆ రాత్రి టౌన్‌హాలే కాలిపోయింది.

మా ఫ్లాట్లలో ఒక రిటైర్డు సుబేదారు గారున్నారు. రాయలసీమ మనిషి, మాటకారి. దీపావళికి పిల్లలకు మతాబులు ఆయనే కొనిపెడతారు. చిచ్చుబుడ్డి పూలు చిమ్ముతుంటే ముందు వరసలో కుర్చీ వేసుకుని చూస్తారు. లక్ష్మీబాంబు వత్తి అంటించే సమయానికి మాత్రం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆయన అరచెయ్యి గోడకు ఆనించి మెట్ల దగ్గర నిలబడి ఉంటారు. ఇప్పుడు మా పిల్లలు ఎవరూ చెప్పకుండానే శబ్దం చేసేవి మానేసి వెలుతురునిచ్చేవే తెస్తున్నారు.

వెలుగు ముందు, శబ్దం తర్వాత ఎందుకు? రంగులు ఎలా వస్తాయి?

శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే మూడు సెకన్లు ఆలస్యమైతే అది కిలోమీటరు దూరంలో పేలినట్టు. రంగుల విషయానికొస్తే స్ట్రాన్షియంతో ఎరుపు, బేరియంతో ఆకుపచ్చ, రాగితో నీలం, సోడియంతో పసుపు. నీలం తీసుకురావడం అన్నిటికంటే కష్టం. బేరియం లవణాలను మన సుప్రీంకోర్టు నిషేధించింది.

మా అసోసియేషన్ తరఫున ఆగస్టు 15కో, విజయ్ దివస్‌కో చిన్న ప్రదర్శన పెట్టుకోవచ్చా?

మతాబులు, చిచ్చుబుడ్లయితే సరే, పోలీసు నిబంధనలు చూసుకోండి. ఆకాశంలో పెద్దగా విచ్చుకునే ప్రదర్శన గుండ్లు మాత్రం మీరు కాల్చేవి కావు. ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్, 2008 ప్రకారం బహిరంగ ప్రదర్శనకు ముందస్తు అనుమతి ఉండాలి. చెన్నైలో అది పోలీసు కమిషనరేటు నుంచి తీసుకోవాలి. లైసెన్సున్న సంస్థ మనుషులే కాల్చాలి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం చేసే టపాసులు కాల్చకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టులు, ప్రార్థనా స్థలాల చుట్టూ 100 మీటర్ల లోపల ఎప్పుడూ వద్దు. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాసులు అమ్మడమే నేరం. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సరాలు నిషిద్ధం, కాలుష్యం తక్కువుండే గ్రీన్ క్రాకర్స్ మాత్రమే అనుమతి. దీపావళికి తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన సమయం ఉదయం 6 నుంచి 7, సాయంత్రం 7 నుంచి 8. నాలుగున్నర ఔటు ఇప్పుడు చట్టవిరుద్ధం, పిల్లలకు చెప్పండి.

నా సలహా ఒకటుంది. ముందు రోజు గేటు దగ్గర నోటీసు పెట్టండి. పసిపిల్లలున్నవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, కుక్కల్ని పెంచుకునేవాళ్లు సర్దుకోవడానికి వీలుంటుంది. కాల్చేముందు పోయిన సైనికుల కోసం రెండు నిమిషాలు లైట్లు ఆర్పి నిలబడండి.

పిల్లలకు ఇవన్నీ ఒక్కరోజులో చూపించాలంటే?

పొద్దున్నే హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గర మొదలుపెట్టండి. ఎండెన్ గుండు పడిన చోట ఫలకం ఉంది, రోడ్డు మీద నుంచే చదవొచ్చు. అక్కడి నుంచి పూల బజారు దాటి చెన్నకేశవుడి గుడికి నడవండి. గుడి మూసేలోపు చేరాలి కాబట్టి పదిన్నర దాటనివ్వకండి. తర్వాత సెయింట్ జార్జి కోట మ్యూజియం. శుక్రవారం సెలవు, పెద్దవాళ్లు గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆటో మాట్లాడుకుని నందంబాక్కంలోని మద్రాసు వార్ సెమెటరీకి వెళ్లండి. ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధులు అక్కడున్నాయి. వెనకవైపు మొదటి యుద్ధంలో పోయిన వెయ్యిమందికి పైగా సైనికుల పేర్లున్న స్మారకం ఉంది. నీడ తక్కువ, నీళ్ల సీసా, టోపీ తీసుకెళ్లండి. తిరుగు దారిలో సాయంత్రానికి విక్టరీ వార్ మెమోరియల్ చూసుకుంటే, అక్కడి నుంచి మెరీనా నడిచిపోయేంత దూరమే.